కోర్సు క్రెడిట్లు మార్చాలంటే: ప్రతిపాదన నుంచి మార్కుల మెమో దాకా

కోర్సు మార్పు అనగానే మన కళాశాలల్లో ముందుగా చర్చకు వచ్చేది సిలబస్. ఏ యూనిట్ తీసేయాలి, ఏ పాఠం చేర్చాలి అన్న విషయం మీద అధ్యాపకులు ఎంతసేపైనా మాట్లాడతారు. ఆ మార్పు ఏ బ్యాచ్ నుంచి వర్తిస్తుంది, పాత బ్యాచ్‌లో ఆ సబ్జెక్టు తప్పిన విద్యార్థి వచ్చే ఏడాది ఏ ప్రశ్నపత్రం రాయాలి అన్న ప్రశ్నలు మాత్రం సమావేశం ముగిసే ముందు హడావుడిగా తేలిపోతాయి, లేదా అసలు తేలవు. కళాశాల విద్యార్థిని చేర్చుకునేటప్పుడు ఇన్ని క్రెడిట్లు (బోధన గంటల లెక్కన ప్రతి కోర్సుకు ఇచ్చే విలువ) పూర్తిచేస్తే డిగ్రీ వస్తుందని మాట ఇస్తుంది కాబట్టి, మార్పును నడిపించేవారు ఆ మాట చెడకుండా చూడటమే ప్రధాన బాధ్యతగా పెట్టుకోవాలి. ఈ మార్గదర్శిని ఆ దృష్టితోనే రాస్తున్నాను.

మొదట తేల్చుకోవలసింది మార్పు చేసే అధికారం మీ కళాశాలకు ఉందా లేదా అన్నది. ఉభయ గోదావరి ప్రాంతంలోని డిగ్రీ కళాశాలల్లో అధిక భాగం 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడుస్తున్నాయి. అనుబంధ కళాశాల తనంతట తాను సిలబస్‌ను గాని, క్రెడిట్లను గాని మార్చలేదు. ప్రిన్సిపాల్ ద్వారా విశ్వవిద్యాలయ బోర్డ్ ఆఫ్ స్టడీస్ (ఒక సబ్జెక్టు సిలబస్‌ను రూపొందించే మండలి) అధ్యక్షులకు ప్రతిపాదన పంపడమే దాని చేతిలో ఉన్న మార్గం. ఆ మార్గాన్ని చిన్నచూపు చూడవలసిన పని లేదు, ఎందుకంటే నాలుగైదు కళాశాలల అధ్యాపకులు ఒకే విషయంపై లెక్కలతో సహా రాసి పంపితే బోర్డు దానిని తేలిగ్గా పక్కన పెట్టదు. కాకినాడలోని పి.ఆర్. ప్రభుత్వ కళాశాల, భీమవరంలోని డి.ఎన్.ఆర్. కళాశాల, నరసాపురంలోని వై.ఎన్. కళాశాల వంటి స్వయంప్రతిపత్తి కళాశాలలకు సొంత బోర్డ్ ఆఫ్ స్టడీస్, దాని ప్రతిపాదనలను ఆమోదించే అకడమిక్ కౌన్సిల్, గవర్నింగ్ బాడీ (పాలకమండలి), ఫైనాన్స్ కమిటీ ఉంటాయి. ఇక్కడి నుంచి చెప్పేదంతా ప్రధానంగా వాటికి వర్తిస్తుంది. డిగ్రీని ప్రదానం చేసేది అప్పటికీ విశ్వవిద్యాలయమే కాబట్టి, స్వయంప్రతిపత్తి ఉందంటే విశ్వవిద్యాలయంతో పని లేదని అనుకోకూడదు.

రెండో పని మార్పు స్వభావాన్ని గుర్తించడం. ఒక యూనిట్‌లో పాత పద్ధతి తీసి కొత్త పద్ధతి చేర్చడం, చదవవలసిన పుస్తకాల జాబితాను సవరించడం వంటివి క్రెడిట్లను తాకవు. వాటిని బోర్డు చర్చించి కౌన్సిల్ ఆమోదానికి పంపితే సరిపోతుంది. కోర్సు పేరు, క్రెడిట్లు, సెమిస్టర్ స్థానం, థియరీ ప్రాక్టికల్ నిష్పత్తి, అంతర్గత మూల్యాంకన మార్కులు మారితే అది నిర్మాణ మార్పు. కొత్త డిగ్రీ ప్రోగ్రామ్ పెట్టడం గాని, ఉన్నదాన్ని మూసేయడం గాని మూడో తరహా, దానికి గవర్నింగ్ బాడీ దాకా వెళ్లాలి. చాలా చిక్కులకు మూలం రెండో తరహా మార్పును మొదటి తరహాగా చూపించి ‘స్వల్ప సవరణలు’ అన్న ఒక్క మాట కింద దాటించేయడమే.

ఇప్పుడు క్రెడిట్ల లెక్క. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. సాధారణంగా 15 వారాల సెమిస్టర్‌లో వారానికి ఒక గంట పాఠం ఒక క్రెడిట్, వారానికి రెండు గంటల ప్రాక్టికల్ ఒక క్రెడిట్. అంటే ఒక థియరీ క్రెడిట్ వెనుక 15 గంటలు, ఒక ప్రాక్టికల్ క్రెడిట్ వెనుక 30 గంటలు తరగతిలో గాని, ల్యాబ్‌లో గాని నిజంగా జరగాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ప్రకటించిన అండర్ గ్రాడ్యుయేట్ చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీకి కనీసం 160 క్రెడిట్లు కావాలి. మూడేళ్ల డిగ్రీలో మేజర్ (ప్రధాన) సబ్జెక్టుకు కనీసం 60, మైనర్ (అనుబంధ) సబ్జెక్టుకు 24, నైపుణ్య కోర్సులకు 9 కేటాయించాలి. మన రాష్ట్రంలో 2023–24లో ప్రవేశపెట్టిన సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) విధానానికి రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఇచ్చిన చట్రం దీనికి తోడు. స్వయంప్రతిపత్తి కళాశాల అయినా ఆ చట్రంలో ఎంతవరకు వెసులుబాటు ఉందో సంబంధిత ఉత్తర్వు ప్రతిని ఎదురుగా పెట్టుకుని చూసుకోవాలి. గుర్తున్నంత మేరకు మాట్లాడుకుంటే తరువాత తిరిగి మొదలుపెట్టవలసి వస్తుంది.

ఉదాహరణకు డెల్టాలోని ఒక స్వయంప్రతిపత్తి కళాశాలలో జంతుశాస్త్ర విభాగం ‘చెరువు నీటి నాణ్యత విశ్లేషణ’ అనే రెండు క్రెడిట్ల నైపుణ్య కోర్సును థియరీగా మాత్రమే నడుపుతోందని అనుకుందాం. ఊరి చుట్టూ రొయ్యల, చేపల చెరువులు ఉండగా విద్యార్థి బ్యూరెట్ (ద్రవాన్ని కొలిచి వదిలే గాజు గొట్టం) పట్టకుండానే ఆ కోర్సు పూర్తిచేయడం సబబు కాదని విభాగం భావించి, ఒక ప్రాక్టికల్ క్రెడిట్ చేర్చి మూడు క్రెడిట్లు చేయమని అడుగుతుంది. ఆలోచన మంచిదే. అయితే ఒక్క క్రెడిట్ వెంట ఏమేం కదులుతాయో చూడండి. వారానికి రెండు గంటలు టైమ్‌టేబుల్‌లో దొరకాలి. తరగతిలో 60 మంది ఉండి ల్యాబ్‌లో 30 మందికే చోటుంటే రెండు బ్యాచ్‌లు చేయాలి, అప్పుడు విద్యార్థికి రెండు గంటలైనది అధ్యాపకులకు నాలుగు గంటల వర్క్‌లోడ్ అవుతుంది. చెరువులో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. రైతు ఏరేటర్లు వేసి కంటి మీద కునుకు లేకుండా కాచుకునేది ఆ వేళకే. మధ్యాహ్నం రెండు గంటలకు ల్యాబ్ పెట్టి అప్పుడు తెచ్చిన నీటితో వింక్లర్ పరీక్ష (కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే పద్ధతి) చేయిస్తే విద్యార్థికి పద్ధతి వస్తుంది గాని ప్రమాదకరమైన విలువ ఎప్పటికీ కనిపించదు. కాబట్టి తెల్లవారుజామునే నమూనా తీసి, చెరువు గట్టునే రసాయనాలు కలిపి ఆక్సిజన్‌ను స్థిరపరచి, ల్యాబ్‌కు తెచ్చి టైట్రేషన్ చేసేలా కనీసం రెండు మూడు ప్రాక్టికల్స్‌ను రూపొందించాలి, ఆ సమయాన్ని కూడా 30 గంటల్లో లెక్కించాలి. వరద వచ్చే జులై, ఆగస్టు నెలల్లో లంక గ్రామాల విద్యార్థులకు రాకపోకలే కష్టం కనుక, క్షేత్ర ప్రాక్టికల్స్ ఉన్న కోర్సును వర్షాకాలపు సెమిస్టర్‌లో కాక తరువాతి సెమిస్టర్‌లో ఉంచడం మంచిదని నా సలహా.

మరి పెరిగిన ఆ క్రెడిట్ ఎక్కడి నుంచి వస్తుంది? మొత్తం క్రెడిట్లు అలాగే ఉండాలంటే మరో కోర్సులో ఒకటి తగ్గాలి, తగ్గించబోయేది ఇంకో విభాగానిదైతే వారితో ముందే మాట్లాడాలి. మొత్తాన్ని పెంచదలచుకుంటే విద్యార్థి మీద పడే భారం, ఆ సెమిస్టర్‌లో ఇప్పటికే ఉన్న గంటలు చూపించాలి. ఈ ప్రశ్నకు జవాబు లేని ప్రతిపాదనను బోర్డు ముందుకు తీసుకురాకపోవడమే మేలు.

ప్రతిపాదన పత్రం మూడు నాలుగు పేజీలకు మించనక్కరలేదు. పాత, కొత్త వివరాలు పక్కపక్కన కనిపించే పట్టిక, మార్పుకు కారణం, గంటల లెక్క, బోధించేవారి వర్క్‌లోడ్, పరికరాలకు, రసాయనాలకు అయ్యే ఖర్చు, పరీక్షా విధానం, అమలయ్యే బ్యాచ్, పాత బ్యాచ్‌ల ఏర్పాటు అందులో ఉండాలి. కారణం రాసేటప్పుడు ‘నేటి అవసరాలకు అనుగుణంగా’ వంటి మాటలతో సరిపెట్టకుండా, విద్యార్థుల నుంచి, పూర్వ విద్యార్థుల నుంచి, ఆక్వా ల్యాబ్‌లు నడిపేవారి నుంచి తీసుకున్న అభిప్రాయాల సారాన్ని జతచేయాలి. కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ బృందం వచ్చినప్పుడు ఈ కాగితమే అడుగుతుంది, కాని దాని కోసం అని కాక, నిర్ణయించేవారు నిజంగా చదువుతారని నమ్మి రాయాలి.

బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో విభాగాధిపతి అధ్యక్షులు, విభాగం అధ్యాపకులు సభ్యులు. వీరితో పాటు బయటి నుంచి అకడమిక్ కౌన్సిల్ నామినేట్ చేసిన ఇద్దరు విషయ నిపుణులు, ప్రిన్సిపాల్ పంపిన ఆరుగురి జాబితా నుంచి ఉపకులపతి ఎంపిక చేసిన ఒక నిపుణుడు, పరిశ్రమ ప్రతినిధి ఒకరు, ప్రతిభ చూపిన పూర్వ విద్యార్థి ఒకరు ఉంటారు. మన ఉదాహరణలోని కోర్సుకు పరిశ్రమ ప్రతినిధిగా హేచరీ (రొయ్య, చేప పిల్లల ఉత్పత్తి కేంద్రం) గాని, నీటి పరీక్షల ల్యాబ్ గాని స్వయంగా నడిపే మనిషి ఉంటే ఆయన ఒక్క ప్రశ్నతో సిలబస్ మెరుగుపడుతుంది. ఎజెండాను, ప్రతిపాదన పత్రాన్ని బయటి సభ్యులకు కనీసం వారం పది రోజుల ముందు పంపాలి. సమావేశం రోజు ఉదయం ఫైలు చేతిలో పెట్టి సాయంత్రం సంతకం అడగటం వారిని పిలిచిన ఉద్దేశాన్నే దెబ్బతీస్తుంది.

తీర్మానం ఎలా రాయాలన్నది ఇంకా ముఖ్యం. ‘సిలబస్‌లో తగు మార్పులు చేయుటకు ఆమోదించడమైనది’ అని మినిట్స్‌లో (సమావేశ నిర్ణయాల నమోదులో) రాస్తే రెండేళ్ల తరువాత పరీక్షల విభాగానికి దానివల్ల ఏ ఉపయోగమూ ఉండదు. దాని బదులు ఇలా ఉండాలి: ‘మూడో సెమిస్టర్‌లోని చెరువు నీటి నాణ్యత విశ్లేషణ కోర్సును 2 క్రెడిట్ల నుంచి 3 క్రెడిట్లకు, అనగా థియరీ 2, ప్రాక్టికల్ 1గా సవరించి, నాలుగో సెమిస్టర్‌కు మార్చి, 2026–27లో మొదటి సెమిస్టర్‌లో చేరే బ్యాచ్ నుంచి అమలు చేయుటకు సిఫారసు చేయడమైనది. అంతకుముందు చేరిన బ్యాచ్‌లకు పాత కోర్సే వర్తించును.’ చివర ‘సిఫారసు’ అన్న మాట ఉండాలి, ఎందుకంటే బోర్డు సిఫారసు చేస్తుందే తప్ప తుది ఆమోదం ఇవ్వదు. బోర్డు సమావేశమైన మరునాటి నుంచే కొత్త సిలబస్ చెప్పడం మొదలుపెట్టడం సరికాదు.

అకడమిక్ కౌన్సిల్‌కు ప్రిన్సిపాల్ అధ్యక్షులు. విభాగాధిపతులందరూ, వేర్వేరు హోదాల అధ్యాపకులు నలుగురు, బయటి నిపుణులు నలుగురికి తగ్గకుండా, విశ్వవిద్యాలయం నామినేట్ చేసిన ముగ్గురు అందులో ఉంటారు. బోర్డు ప్రతిపాదనను ఉన్నదున్నట్టు గాని, సవరించి గాని ఆమోదించడం, కారణాలు చెప్పి తిప్పి పంపడం లేదా తిరస్కరించడం కౌన్సిల్ అధికారం. కారణాలు రాతపూర్వకంగా మినిట్స్‌లో ఉండాలని విభాగం నిలబడి అడగవచ్చు, అడగాలి. ఒక విభాగం పెంచుకున్న క్రెడిట్ మరో విభాగానికి కోత కాదా, ఒకే పాఠం రెండు విభాగాల్లో రెండు పేర్లతో నడవడం లేదా, టైమ్‌టేబుల్ కుదురుతుందా అన్నవి కౌన్సిల్ చూడవలసిన అసలు సంగతులు. ఇరవై విభాగాల సిలబస్‌లను ఒక్క పూటలో ‘ఆమోదం’ అంటూ ముగించే కౌన్సిల్ వీటిలో దేనినీ చూడలేదు.

కొత్త ప్రోగ్రామ్ అయితే కౌన్సిల్ సిఫారసు గవర్నింగ్ బాడీకి వెళ్తుంది, పరికరాల ఖర్చు ఫైనాన్స్ కమిటీ పరిశీలనకు వస్తుంది. డిగ్రీ పేరు యూజీసీ ప్రకటించిన డిగ్రీల జాబితాకు అనుగుణంగా ఉండాలి, విశ్వవిద్యాలయానికి తెలియజేయాలి, ఇంజినీరింగ్ వంటి కోర్సులకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) అనుమతి కావాలి. డిగ్రీ ప్రవేశాలు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ విధానంలో జరుగుతున్నాయి కనుక నోటిఫికేషన్‌కు ముందే ఇవన్నీ పూర్తికావాలి. అందుకే సంక్రాంతి సెలవుల తరువాత ప్రతిపాదన కదిలించి, వేసవిలోపు కౌన్సిల్ దాటించడం మంచి అలవాటు.

ఇక పాత బ్యాచ్‌ల సంగతి. ఏ విద్యార్థి ఏ ఏడాది చేరాడో ఆ ఏటి నిబంధనలే అతనికి డిగ్రీ వచ్చేవరకు వర్తించాలన్నది మూలసూత్రంగా పెట్టుకోవాలి. కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోని ఇంజినీరింగ్ విద్యార్థులు ఆర్20, ఆర్23 అంటూ తమ రెగ్యులేషన్‌ను (తమకు వర్తించే 2020 లేదా 2023 నిబంధనలను) చెప్పుకోవడం వెనుక ఉన్నది ఇదే. డిగ్రీ కళాశాలల్లోనూ ఈ స్పష్టత రావాలి. మన ఉదాహరణలో పాత రెండు క్రెడిట్ల కోర్సు తప్పిన విద్యార్థులకు పాత సిలబస్‌తోనే నిర్ణీత కాలం వరకు సప్లిమెంటరీ పరీక్ష నడపాలి. ఆ గడువు దాటాక కొత్త కోర్సు థియరీ భాగం రాస్తే పాతదానికి సమానంగా పరిగణిస్తామని ఒక సమానతా పట్టికను కౌన్సిల్ చేతనే ఆమోదింపజేయాలి. అయితే మధ్యలో చదువు ఆపి తిరిగి చేరిన అమ్మాయి, వేరే కళాశాల నుంచి బదిలీపై వచ్చిన అబ్బాయి కొత్త బ్యాచ్‌తో కలుస్తారు. వారికి తక్కువ పడే ఒక్క క్రెడిట్‌ను బ్రిడ్జ్ ప్రాక్టికల్‌తో పూరించాలా, మినహాయించాలా అన్నది ముందే రాసిపెట్టాలి. మూడో ఏడాది చివర మెమో తయారయ్యే వేళ 120కి ఒకటి తక్కువైందని తెలిస్తే ఆ పిల్ల పీజీ ప్రవేశం పోతుంది. అంత నష్టాన్ని ఆపడానికి అయ్యే శ్రమ ఒక పేజీ పట్టిక మాత్రమే.

క్రెడిట్లు మారిన ప్రతిసారీ కోర్సుకు కొత్త కోడ్ ఇవ్వాలి. ఒకే కోడ్ కింద ఒక బ్యాచ్‌కు రెండు, మరో బ్యాచ్‌కు మూడు క్రెడిట్లు నమోదైతే సాఫ్ట్‌వేర్ ఏదో ఒకదానినే అందరికీ వేస్తుంది, సగటు గ్రేడు పాయింట్లు తారుమారవుతాయి. 2021 నుంచి అమల్లోకి వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లోకి (విద్యార్థుల క్రెడిట్లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే జాతీయ ఖాతాలోకి) అదే తప్పు చేరితే సరిదిద్దడం మరింత కష్టం. కౌన్సిల్ మినిట్స్ సంతకాలు పూర్తయిన వెంటనే వాటి ప్రతి పరీక్షల నియంత్రణాధికారికి, టైమ్‌టేబుల్ చూసేవారికి, ప్రవేశాల కమిటీకి, గ్రంథాలయానికి చేరాలి. కళాశాల వెబ్‌సైటులో పాత సిలబస్‌ను తొలగించకుండా, ఏ బ్యాచ్‌కు ఏది వర్తిస్తుందో పైన రాసి రెండింటినీ ఉంచాలి.

కొత్త కోర్సు మొదటి బ్యాచ్ పూర్తిచేశాక ల్యాబ్ రికార్డులు తెరిచి 30 గంటల్లో ఎన్ని నిజంగా జరిగాయో విభాగం లెక్కచూసుకోవాలి. ఆ అంకెను, విద్యార్థుల ఫలితాలను, జరగని ప్రాక్టికల్స్‌కు కారణాలను చర్యల నివేదికగా తదుపరి బోర్డు సమావేశం ఎజెండాలో మొదటి అంశంగా పెట్టాలి.