ఇంటి అవసరానికి మాంసపు కోళ్ల పెంపకం: పిల్ల దశ నుంచి కోత దాకా

ఇంటి అవసరానికి పదో ఇరవయ్యో బ్రాయిలర్ కోళ్లను పెంచుకోదలచినవారు ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటుంది. ఈ పని మొత్తం 6 లేదా 7 వారాలలో ముగిసిపోతుంది గనుక, మొదటి వారంలో జరిగిన పొరపాటును తరువాత దిద్దుకోవడానికి వ్యవధి ఉండదు. అందుచేత పిల్లలు రావడానికి ఒక రోజు ముందే బ్రూడర్, అంటే బల్బుల వేడితో పిల్లలను వెచ్చగా ఉంచే చోటు, సిద్ధమై, వెచ్చబడి ఉండాలి.

బ్రూడర్ చుట్టూ రేకుతోగాని దళసరి అట్టతోగాని అడుగున్నర ఎత్తున గుండ్రంగా గార్డు కట్టాలి. మూలలుంటే పిల్లలు అక్కడికి చేరి, ఒకదానిమీద ఒకటి ఎక్కి, ఊపిరాడక చనిపోతాయి. నేలమీద 2 నుంచి 3 అంగుళాల మందాన పొడి వరిపొట్టుగాని చెక్కపేళ్లుగాని పరచాలి. నున్నటి కాగితం ఒక్కటే పరిస్తే కాళ్లు జారి, పక్కలకు విచ్చుకుపోతాయి. మొదటి వారం పిల్లల వీపు ఎత్తున 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండేటట్లు చూసి, ఆపైన వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ఒకే బల్బును నమ్ముకోకూడదు. నేను మొదటిసారి పెంచినప్పుడు అర్ధరాత్రి బల్బు మాడిపోయింది. తెల్లవారి చూసేసరికి పిల్లలన్నీ ఒక కుప్పగా ఉన్నాయి, అడుగున 4 పిల్లలు నలిగి చనిపోయి ఉన్నాయి. ఆనాటి నుంచి రెండు బల్బులు లేకుండా నేను పిల్లలను దించుకోలేదు. ఆ బల్బులను కూడా పొట్టుమీద పడి నిప్పంటుకోకుండా గొలుసుతో గట్టిగా వేలాడదీయాలి.

థర్మామీటరు ఉన్నా, నిజం చెప్పేవి పిల్లలే. చలి వేస్తే అవి దీపం కిందికి గుమిగూడి గట్టిగా అరుస్తాయి. వేడి ఎక్కువైతే గార్డు అంచులకు పోయి, రెక్కలు వదులుగా దించి, నోరు తెరిచి రొప్పుతాయి. బ్రూడర్ అంతటా సమంగా పరుచుకొని, కొన్ని తింటూ, కొన్ని కాళ్లు చాచి నిద్రపోతూ ఉంటే వేడి సరిపోయినట్టే.

దించిన వెంటనే ఒక్కొక్క పిల్ల ముక్కును నీటిలో తడిపి తాగడం నేర్పాలి, ఆ తరువాతే మేత వేయాలి. మరునాడు కొన్ని పిల్లలను చేతిలోకి తీసుకొని, మెడ కింద రొమ్ముకు పైన ఉండే మేత సంచిని వేళ్లతో మెల్లగా తాకి చూడాలి. అది నిండుగా, మెత్తగా, జావలాగా తగిలితే పిల్ల తిన్నది, తాగింది. గట్టిగా గింజలు తగిలితే నీళ్లు అందలేదని అర్థం. ఖాళీగా ఉన్న పిల్లను మళ్లీ నీటి దగ్గరికి, మేత దగ్గరికి చేర్చాలి. ఈ చిన్న పరీక్షకు పది నిమిషాలు చాలు, దీనిని ఎన్నడూ మానకూడదు.

మేత విషయంలో చెప్పవలసింది తక్కువ. మొదటి మూడు వారాలు 22 శాతం వరకు మాంసకృత్తులున్న స్టార్టర్, ఆపైన 19 లేదా 20 శాతం ఉన్న ఫినిషర్ సరిపోతాయి. 2 కిలోల బరువుకు రావడానికి ఒక్కో కోడి సుమారు మూడున్నర కిలోల మేత తింటుంది, దానికి రెండింతల నీరు తాగుతుంది. ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో మధ్యాహ్నం మేత తీసివేసి, చల్లటి వేళల్లో పెట్టాలి. బ్రాయిలర్ గుండె, కాళ్లు దాని కండ పెరిగే వేగాన్ని అందుకోలేవు గనుక, రెండో వారం నుంచి రాత్రి కొన్ని గంటలు చీకటిలో విశ్రాంతి ఇవ్వడం మంచిది.

పెరిగిన కోడికి కనీసం ఒక చదరపు అడుగు చోటు కావాలి. అంతకన్నా ఇరుకైతే పొట్టు తడుస్తుంది, తడిసిన పొట్టులోనే రక్తపారుడు వ్యాధి వ్యాపిస్తుంది. రోజూ పిడికెడు పొట్టు తీసుకొని పిండి చూడండి: చేయి తెరిచినప్పుడు అది విడిపోతే మంచిది, ముద్దగా నిలిస్తే తడిసినచోట తీసివేసి కొత్త పొట్టు వేయాలి. వంగి నేల దగ్గర గాలి పీల్చినప్పుడు ముక్కు ఘాటెక్కితే కోళ్లు ఆ ఘాటును రాత్రింబవళ్లు పీలుస్తున్నాయని తెలుసుకోవాలి. కొక్కెర తెగులుకు మొదటి వారంలో, గంబోరో అనే వైరస్ వ్యాధికి రెండో వారంలో టీకాలు వేయడం వాడుక, అయితే మీ ప్రాంతానికి తగిన వరుసను పశువైద్యుడే చెప్పగలరు. తాగేనీటిలో ఇచ్చే టీకాకు క్లోరిన్ కలిపిన నీరు వాడితే టీకా చచ్చిపోతుంది. మందులు వాడినట్లయితే, వాటి ప్రభావం మాంసంలో పోవడానికి నిర్ణయించిన రోజులు గడిచేదాకా కోయకూడదు. జబ్బుపడిన కోడిని, తనంతట తాను చనిపోయిన కోడిని ఎంతమాత్రం తినకూడదు.

కోతకు 8 నుంచి 12 గంటల ముందు మేత ఆపి, నీరు మాత్రం ఉంచాలి. అప్పుడు పేగులు ఖాళీ అయి, మాంసానికి మురికి అంటకుండా ఉంటుంది. కోడిని తరిమి పట్టుకోకూడదు. మసక వెలుతురులో రెండు చేతులతో రెక్కలు మూసి ఎత్తుకొని, తల కిందికి వచ్చేలా గరాటులో దించితే అది తన్నుకోకుండా నిలుస్తుంది. బాగా పదునుపెట్టిన కత్తితో, దవడ వెనుక మెడకు రెండు పక్కలా ఉన్న రక్తనాళాలు ఒక్క వేటుకు తెగాలి. మొద్దు కత్తితో ఈ పని చేయడం ఆ ప్రాణికి అన్యాయం చేయడమే. సుమారు 2 నిమిషాలు రక్తం కారనిచ్చి, కదలిక పూర్తిగా ఆగిందని నిర్ధారించుకొన్న తరువాతే సుమారు 60 డిగ్రీల నీటిలో 45 నుంచి 60 సెకన్లు ముంచాలి. రెక్కలోని పెద్ద ఈక సులువుగా ఊడివస్తే చాలు, అంతకు మించితే చర్మం ఉడికి చిరుగుతుంది.

ఈకలు తీశాక తల, పాదాలు, తోక మొదట్లో ఉన్న నూనె గ్రంథి, మేత సంచి తొలగించాలి. మలద్వారం చుట్టూ కోసేటప్పుడు కత్తి మొన లోపలికి దిగకుండా చూసుకోవాలి, ఎందుకంటే పేగు తెగితే మాంసమంతా మలినమవుతుంది. కాలేయాన్ని ఆనుకొని ఉన్న ఆకుపచ్చని పిత్తాశయం పగలకుండా, కొంచెం కాలేయంతో సహా కోసి పారవేయాలి. శుభ్రంగా కడిగిన కోడిని వెంటనే మంచునీటిలో వేసి, 4 గంటలలోగా మాంసం లోపలి వేడి 4 డిగ్రీలకు దిగేలా చేయాలి. 2 కిలోల కోడికి దాదాపు 1.4 కిలోల మాంసం వస్తుంది. కోసిన వెంటనే వండితే బిగుసుకుపోయి నారలా ఉంటుంది గనుక, ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి వండడం మేలు.

వ్యర్థాలను కుక్కలు తవ్వలేనంత లోతుగా, బావికి దూరంగా పూడ్చాలి. పొట్టంతా ఎత్తి ఎరువు కుప్పకు చేర్చి, గూడు కడిగి, ఆరబెట్టి, కనీసం 2 వారాలు ఖాళీగా ఉంచిన తరువాతే మరో విడత పిల్లలను తెచ్చుకోవాలి.