టీమ్ లీడ్ పాఠాలు – 5: చెడ్డ కబురు ముందే చేరాలంటే

పోయిన పాఠంలో పనికి ఎన్ని రోజులు పడుతుందో అంచనా వేయడం నేర్చుకున్నాం. అంచనా ఎంత బాగా వేసినా, అది తప్పుతోందని మీకు చివరి రోజు తెలిస్తే ఏం లాభం? ఆ కబురు ముందే మీ దాకా రావాలంటే ఏం చేయాలో ఇప్పుడు చూద్దాం.

అనంతపురంలో ఆరుగురి సాఫ్ట్‌వేర్ టీమ్‌కు మీరు లీడ్ అనుకోండి. కస్టమర్ ఉండేది బెంగళూరులో. జేఎన్‌టీయూలో బీటెక్ అయి కొత్తగా చేరిన కుర్రాడికి పేమెంట్ పేజీ అప్పగించారు. రోజూ పొద్దున టీమ్ అంతా కలిసి ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే చిన్న మీటింగ్, అదే స్టాండప్‌లో, ఎంతవరకు వచ్చిందని అడిగితే "అయిపోతుందన్నా" అంటాడు. మంగళవారం అదే మాట, బుధవారం అదే మాట. శుక్రవారం సాయంత్రం అందరూ ఊళ్లకు బయల్దేరే వేళకు అసలు సంగతి బయటపడుతుంది. బ్యాంకు టెస్ట్ సర్వర్ నుంచి జవాబే రావట్లేదు. ఎవరిని అడగాలో తెలియక సోమవారం నుంచీ అక్కడే ఆగిపోయాడు.

అతను అబద్ధాలకోరేమీ కాదు. నలుగురి ముందు "నాకు రావట్లేదు" అనడం మనకు ఇంట్లోనూ నేర్పలేదు, కాలేజీలోనూ నేర్పలేదు. వైవాలో తెలియదంటే మార్కులు పోయేవి కదా! పైగా పోయిన వారం ఇంకొకరు సమస్య చెప్పినప్పుడు మీరు మొహం చిట్లించారు. అది అతను చూశాడు.

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి టీమ్‌లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, అక్కడే ఎక్కువ నమోదయ్యాయి. అక్కడివాళ్లు తప్పును దాచకుండా బయటపెడుతున్నారని, లెక్క పెరగడానికి అదే కారణమని ఆమె వివరించారు. ఆ పరిశోధన 1996లో అచ్చయింది. 1999లో ఇదే విషయాన్ని సైకలాజికల్ సేఫ్టీ పేరుతో, అంటే తప్పు బయటపెట్టినా ఏమీ కాదన్న భరోసా అనే అర్థంలో, ఇంకా వివరంగా రాశారు. కాబట్టి మీ టీమ్ బగ్ లిస్టు (ప్రోగ్రామ్‌లో బయటపడ్డ తప్పుల జాబితా) మరీ చిన్నగా ఉంటే సంబరపడకండి, కాస్త అనుమానించండి.

ఇక సాధన. ప్రతి ఒక్కరితో వారానికో అరగంట విడిగా కూర్చోండి. చిప్‌ల కంపెనీ ఇంటెల్‌ను నడిపిన ఆండీ గ్రోవ్ ఇలా విడిగా కూర్చుని మాట్లాడటాన్ని గట్టిగా నమ్మాడు. ఆ సమయం కింద పనిచేసే మనిషిది, ఏం మాట్లాడాలో అతనే నిర్ణయించుకోవాలి అనేవాడు. మీరు ప్రాజెక్ట్ స్టేటస్ అడగడం మొదలుపెట్టారంటే అది ఇంకో స్టాండప్ అయిపోతుంది. చోటు కూడా ముఖ్యం. ఆఫీసు కింద టీ బంకు బాగానే ఉంటుంది గానీ, పక్కనే మిగతా టీమ్ ఉగ్గాని బజ్జీ తింటుంటే ఎవరూ నోరు విప్పరు. నాలుగడుగులు దూరం వెళ్లండి.

"ఎలా ఉంది?" అంటే "బాగుందన్నా" తప్ప వేరే జవాబు రాదు. ఇలా అడిగి చూడండి: "శుక్రవారానికి ఇది కాలేదనుకుందాం, దేనివల్ల ఆగిపోయి ఉంటుంది?" పని కాలేదన్న మాట మీరే ముందు అనేశారు కాబట్టి, ఇక అతను ఒప్పుకోవలసింది ఏమీ లేదు, కారణం చెబితే చాలు. అడిగాక ఊరుకోండి. చాలామంది లీడ్‌లు ఆ కాసేపటి మౌనం భరించలేక జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు.

శుక్రవారం దాకా ఆగకుండా బుధవారమే ఇలా అడిగారనుకుందాం, అతను చెప్పాడు. ఇప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏమిటి? "సోమవారమే ఎందుకు చెప్పలేదు?" అంటే కథ అక్కడితో సరి, మళ్లీ చెప్పడు. "బుధవారమే తెలిసింది, ఇంకా టైముంది. బ్యాంకు వాళ్ల నంబరు నా దగ్గరుంది" అనండి. కీబోర్డు మాత్రం లాక్కోవద్దు. కోడింగ్‌లో దిట్ట అయి లీడ్ అయినవాళ్లకు ఇది అన్నిటికంటే కష్టం, చేతులు ఊరుకోవు. పక్కన కూర్చుని చూడండి, టైప్ చేయాల్సింది అతనే. విడిగా చెప్పిన సంగతిని మర్నాడు స్టాండప్‌లో అతని పేరుతో బయటపెట్టకండి.

గడువు జారుతుందని తేలితే బెంగళూరుకు ఆ రోజే ఫోన్ చేయండి. ఆ ఫోన్ చేయాల్సింది మీరు, ఆ కుర్రాడు కాదు.

ఈ వారం ఇద్దరితో ఇలా కూర్చోండి. వాళ్లు ఎంతసేపు మాట్లాడారో, మీరు ఎంతసేపు మాట్లాడారో సుమారుగా రాసుకోండి. మీది సగం దాటితే వచ్చే వారం అదే మనిషితో మళ్లీ ప్రయత్నించండి. ముందే చెప్పినా, సాయం చేసినా, అదే తప్పు మళ్లీ మళ్లీ చేసేవాళ్లతో ఏం మాట్లాడాలన్నది ఆరో పాఠంలో.