నెలకోసారి తీసే కారుకు తక్కువ ఖర్చులో ఇన్సూరెన్స్: దరఖాస్తు విధానం

నల్లగొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు కింద బాపు కొన్న ఆల్టో ఉంటుంది. టీఎస్ 05 నంబరు. అమావాస్యకు చెరువుగట్టు, ఎప్పుడైనా పెళ్లికి మిర్యాలగూడ, అంతే దాని తిరుగుడు. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు దాటదు. ఇలాంటి బండి ఉన్నవాళ్లంతా అడిగేది ఒకటే: తిప్పని బండికి ఇంత ప్రీమియం ఎందుకు? కొందరైతే విసిగిపోయి కట్టడమే మానేస్తారు. ఆ పని మాత్రం చేయొద్దు. తగ్గించుకునే చోటు వేరే ఉంది.

ముందు పాత పాలసీ కాగితం తీయండి

అందులో ప్రీమియం రెండు ముక్కలుగా కనబడుతుంది. మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి థర్డ్ పార్టీ. మన బండికే జరిగే నష్టానికి, దొంగతనానికి ఓన్ డ్యామేజ్. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం పెట్టేది. 2022 జూన్ 1న వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు సొంత కారుకు 2,094 రూపాయలు, 1500 సీసీ దాకా 3,416, ఆపైన 7,897. దాని మీద 18 శాతం జీఎస్టీ. మా ఆల్టోకు అన్నీ కలిపి 2,471 అవుతుంది. బండి తిరిగినా తిరగకపోయినా ఇది మారదు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 146 ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. మొదటిసారి దొరికితే 2,000 జరిమానా, మళ్లీ దొరికితే 4,000, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. నన్నడిగితే జరిమానా చిన్న విషయం. నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద ఎవరికైనా తగిలితే, ప్రమాద కేసులు చూసే ట్రిబ్యునల్ వేసిన పరిహారం పొలం అమ్మి కట్టుకోవాల్సి వస్తుంది.

మిగిలేది ఓన్ డ్యామేజ్‌లోనే

పాత బండి అయి, పాలసీలో దాని విలువ, అంటే ఐడీవీ, బాగా తగ్గిపోతే థర్డ్ పార్టీ ఒక్కటే చాలు. దొంగల భయం ఉంటే థర్డ్ పార్టీకి దొంగతనం, అగ్నిప్రమాదం మాత్రమే కలిపి ఇస్తారేమో బ్రాంచిలో అడగండి. కాకపోతే ఒక మెలిక ఉంది. క్లెయిమ్ చేయని ఏళ్లకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది. ఓన్ డ్యామేజ్ గడువు ముగిసిన 90 రోజుల్లో రెన్యువల్ చేయకపోతే అది మొత్తం పోతుంది. 50 శాతం బోనస్ చేతిలో ఉన్నవాళ్లు తొందరపడి థర్డ్ పార్టీకి మారొద్దు.

బండి కొత్తదైతే ‘పే యాజ్ యు డ్రైవ్’ అడగండి. తిరిగిన కిలోమీటర్లను బట్టి ప్రీమియం వేసే ఈ పద్ధతికి 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతి ఇచ్చింది. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిప్పుతారో మీరే చెప్పాలి. ఆ లెక్కను బట్టి ఓన్ డ్యామేజ్ తగ్గుతుంది. లెక్క దాటేలా ఉంటే ముందే అదనపు కిలోమీటర్లకు టాప్‌అప్ వేయించుకోవాలి. దాటాక క్లెయిమ్‌కు వెళ్తే ఏం చేస్తారో కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఆ షరతు చదివాకే డబ్బు కట్టండి.

ఫారం నింపేటప్పుడు

ఆర్సీ, పాత పాలసీ, కేవైసీ కోసం ఆధార్, పాన్ దగ్గర పెట్టుకోండి. ప్రభుత్వ రంగ బీమా కంపెనీల బ్రాంచికి వెళ్లినా, వాళ్ల వెబ్‌సైట్‌లో చేసినా అడిగేవి ఇవే. ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఆర్సీ చూసి ఒక్కో అక్షరం సరిచూసుకోండి.

ఫారంలో రెండు గడులు చాలామంది చూడకుండా దాటేస్తారు. ఒకటి యజమానికి 15 లక్షల ప్రమాద బీమా. అలాంటిది మీకు ఇప్పటికే ఉంటే, ఇంకో బండి మీదైనా సరే, ఆ వివరం రాసి ఇక్కడ వద్దనండి. రెండోది వాలంటరీ డిడక్టిబుల్. క్లెయిమ్‌లో మొదటి 2,500 లేదా 5,000 నేనే పెట్టుకుంటానని ఒప్పుకుంటే ఓన్ డ్యామేజ్ తగ్గుతుంది. షెడ్డులో ఉండే బండికి ఇది లాభమే. షెడ్డు అన్నాక ఎలుకలూ ఉంటాయి. వైర్లు కొరికితే పాలసీ వర్తిస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి.

కిలోమీటర్ల ప్లాన్‌కు మీటర్ ఫొటో అడుగుతారు. నేను ఒకసారి ట్రిప్ మీటర్ ఫొటో పంపాను. 212 అని ఉంది! వాళ్లు తిప్పి పంపితేగానీ నాకు తెలియలేదు. బండి మొదటి నుంచి తిరిగిన మొత్తం చూపే, ఓడో అని ఉన్న అంకే కావాలి.

పాలసీ మధ్యలో ఆగిపోయి ఉంటే ఓన్ డ్యామేజ్‌కు బండి తనిఖీ ఉంటుంది. ఫోన్లో వీడియో తీసి పంపమంటారు. ముందు రోజు కడిగి పెట్టుకుంటే గీతలు, నంబరు స్పష్టంగా పడతాయి. కొత్త పాలసీ ఏ తేదీ, ఎన్ని గంటల నుంచి మొదలవుతుందో చూసుకున్నాకే తాళం తీయండి. డబ్బు కట్టిన నిమిషం నుంచే వర్తిస్తుందనుకుంటే పొరపాటు.

ఆర్సీ చనిపోయినవాళ్ల పేరు మీద ఉంటే పాలసీ వాళ్లు చనిపోయిన రోజు నుంచి మూడు నెలలో, దాని గడువు దాకానో, ఏది ముందైతే అంతవరకే నడుస్తుంది. ఈలోపు ఆర్టీఏలో పేరు మార్పించి, ఆ కాపీతో బీమా కంపెనీలోనూ మార్పించాలి.

కంపెనీకి ఫిర్యాదు ఇచ్చాక కూడా పని జరగకపోతే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో పెట్టొచ్చు, 155255కు ఫోన్ చేయొచ్చు. నెల దాటినా జవాబు రాకపోతే హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.