బడికి చెప్పడం కాదు, రాసివ్వండి

మొన్న ఆదివారం దేవరకొండ దిక్కు జంట ఒకటి మా ఇంటికి భోజనానికి వచ్చింది. టెక్సాస్‌లో దిగి ఏడు నెలలయింది. బాబుకు మూడున్నరేళ్లు. పప్పు వడ్డిస్తుంటే బాబు వాళ్ల నాన్న మెల్లగా అన్నాడు: "అన్నా, బాబుకు ఇంకా మాటలు రాలేదని ఆగస్టులోనే స్కూల్లో చెప్పినం. ఫోన్ చేస్తమన్నరు, ఇంకా చెయ్యలే."

ఎవరికి చెప్పారు? కౌంటర్‌లో కూర్చున్న మేడమ్‌కు. రాసిచ్చారా? లేదు.

నాకు కోపం వచ్చింది. ఆరేళ్ల కింద మా పాప విషయంలో నేను అచ్చం ఇదే చేశాను మరి. వచ్చిన ఇంగ్లిష్‌లో ఏదో చెప్తే, ఆమె పసుపు చీటీ మీద రాసుకుని కంప్యూటర్ అంచుకు అంటించి నవ్వింది. పనైపోయిందనుకుని వచ్చేశాను. సంక్రాంతి వెళ్లాక అడగబోతే ఆ మేడమ్ లేదు, చీటీ లేదు, పాప పేరు ఎక్కడా లేదు. ఐదు నెలలు గాలికి పోయాయి.

మన ఊర్లో తహసీల్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోకుండా బయటికొస్తామా? ఇక్కడికి రాగానే ఆ తెలివి ఎటు పోతుందో!

మూడేళ్లు నిండిన పిల్లకు వైకల్యం ఉందని అనుమానముంటే పరీక్షించే బాధ్యత మీరుండే స్కూల్ డిస్ట్రిక్ట్‌దే, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థదే. ముందు బడిలో చేర్చి ఉండాలని కూడా లేదు. కానీ గడియారం నడిచేది కాగితం మీదే. పిల్లకు స్పెషల్ ఎడ్యుకేషన్ ఎవాల్యుయేషన్ (ప్రత్యేక బోధన అవసరమా అని చూసే పరీక్ష) కావాలని ప్రిన్సిపాల్‌కో, స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కో మెయిల్ పెట్టండి. పేరు, పుట్టిన తేదీ, ఏం గమనించారో నాలుగు లైన్లు చాలు. టెక్సాస్‌లో ఆ తర్వాత 15 స్కూల్ రోజుల్లో వాళ్లు రాతపూర్వకంగా జవాబివ్వాలి. చేస్తామంటే సంతకానికి ఒప్పుకోలు ఫారం వస్తుంది, చేయమంటే కారణం రాసివ్వాలి. మీ సంతకం వాళ్లకు అందిన రోజు నుంచి రిపోర్టుకు 45 స్కూల్ రోజులు. గమనించండి, స్కూల్ రోజులు. వేసవి సెలవులు లెక్కలోకి రావు. అందుకే మే నెలలో మేల్కొన్నవాళ్లను చూస్తే నాకు టెన్షన్. రిపోర్టు వచ్చాక 30 రోజుల్లో ఏఆర్‌డీ మీటింగ్, అంటే తల్లిదండ్రులూ బడివాళ్లూ కూర్చుని నిర్ణయించేది. పిల్లకు ఏ సాయం, వారానికి ఎంతసేపు అన్నది అక్కడ తేలుతుంది. అలా పిల్ల కోసం రాసే ప్లాన్‌నే ఐఈపీ అంటారు.

మూడేళ్లు నిండకపోతే బడికి కాదు, ఈసీఐకి (మూడేళ్లలోపు పిల్లలకు సాయం చేసే టెక్సాస్ కార్యక్రమం) ఫోన్ చేయండి. డాక్టర్ చీటీ అక్కర్లేదు.

బడిలో చేర్చేటప్పుడు అడిగే అడ్రస్ ప్రూఫ్, టీకాల కార్డు సంగతి అందరికీ తెలిసిందే, దానికి నన్నడగొద్దు.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగే ఫారంలో మాత్రం గొప్పకు పోయి ఇంగ్లిష్ అని రాయకండి. ఉచిత ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతి) ఇక్కడ అందరికీ లేదు. సెప్టెంబర్ 1కి నాలుగేళ్లు నిండి, ఇంగ్లిష్ మాట్లాడి అర్థం చేసుకోలేని పిల్లలకు ఆ ఒక్క కారణంతోనే అర్హత ఉంది. మీటింగ్‌లో మాట అర్థం కాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను అడగండి, డబ్బులు వాళ్లే పెట్టుకుంటారు.

ఇక నల్లగొండ నుంచి వచ్చే ఫోన్లు. "వాళ్ల తాతకు గూడ ఐదేండ్లకే మాటలొచ్చినయి" అని అత్తమ్మ అంటుంది. రావచ్చు, తాత సంగతి తాతది. ఐఈపీ అంటే సదరం సర్టిఫికెట్ కాదు, పిల్ల పక్కన జీవితాంతం నడవదు. ఏటా తిరగరాస్తారు. వద్దనుకుంటే మీరే రాసిచ్చి ఆపేయవచ్చు.

డబ్బు గురించి భయపడేవాళ్లకు ఒక మాట. 1975లో వైకల్యమున్న పిల్లల చదువు కోసం ఈ చట్టం చేసినప్పుడు, దేశంలో ఒక్కో విద్యార్థికయ్యే సగటు ఖర్చులో 40 శాతం దాకా ఇస్తామంది అమెరికా కేంద్ర ప్రభుత్వం. ఏనాడూ అంత ఇవ్వలేదు. మిగతాది రాష్ట్రమూ, డిస్ట్రిక్టూ మోస్తున్నాయి. అందులో మన ఇంటి పన్ను ఉంది, అద్దెకుంటే ఆ అద్దెలోనూ ఉంది. మీ జేబులోంచి ఏమీ అడగరు, బడ్జెట్ లేదని కాదనడానికీ లేదు. వీసాతోనూ పని లేదు, పత్రాలు లేని పిల్లలకూ బడి తలుపు మూయొద్దని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

సరే, ఇంత భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఐదు నెలలు పోగొట్టుకున్న మా పాప ఇప్పుడు నా ఇంగ్లిష్‌ను దిద్దుతోంది. అందరికీ అలాగే అవుతుందని కాదు. కానీ బడిలోపలి టీచర్లు మంచివాళ్లు, వాళ్ల దాకా చేరడమే కష్టం.

ఆ రోజు భోజనాలయ్యాక మా టేబుల్ మీదే మెయిల్ రాయించాను. బాబు కింద కూర్చుని మా చెప్పులన్నీ వరసలో పెడుతున్నాడు, ఒకటి కదిపితే మళ్లీ మొదటి నుంచి. అది కూడా మెయిల్‌లో రాయమన్నాను. మీటింగ్‌కు తెలిసినవాళ్లను తోడు తీసుకెళ్లొచ్చు, నన్ను రమ్మంటే వస్తాను. లీవు పెట్టాలి కాబట్టి వారం ముందు చెప్పండి, ముందు రోజు రాత్రి కాదు.