షార్ట్ స్కేల్ బేస్‌కు తీగలు కొనేముందు టేపు పట్టండి

హనుమకొండ, కాజీపేట వైపు చర్చి బ్యాండ్లలో షార్ట్ స్కేల్ (పొట్టి రకం) బేస్ గిటార్ వాయించే తమ్ముళ్లకు ఒక మాట. E తీగ (అన్నిటికన్నా లావుది) లూజుగా కొట్టుకుంటోంది, స్వరం తేలట్లేదు అనిపిస్తే బేస్‌ను తిట్టుకోకండి, ముందు తీగలు చూడండి. స్కేల్ అంటే మెడ కొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ (నట్) నుంచి ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జి దాకా ఉన్న పొడవు. మామూలు బేస్ స్కేల్ 34 అంగుళాలు, మీది 30. అదే మందం తీగను అదే శ్రుతికి బిగిస్తే టెన్షన్‌లో (తీగ బిగువులో) ఐదో వంతుకు పైగా పోతుంది. అందుకే 40-95 లాంటి సన్న సెట్ వద్దు (ఈ అంకెలు సెట్‌లో అన్నిటికన్నా సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). 45-105తో మొదలుపెట్టండి, అదీ చాలకపోతే ఇంకాస్త లావుది. లావు తీగ నట్ గాడిలో కూర్చుంటుందో లేదో మాత్రం చూసుకోండి.

దుకాణంలో లాంగ్ స్కేల్ సెట్ ఇచ్చి "కత్తిరించుకోండి, సరిపోతుంది" అంటే ఒప్పుకోకండి. తీగ చివర సన్నబడే భాగం నట్ దాటాకే మొదలవ్వాలి, శ్రుతి బిగించే కీకి చుట్టుకునేది ఆ సన్న భాగమే కావాలి. పొడవు తీగను కోస్తే ఆ సన్న భాగం పోయి, లావు తీగ కీ మీద బిరుసుగా చుట్టుకుంటుంది. ఒక్కోసారి పైచుట్టు లోపలి తీగ మీద వదులై మోత చచ్చిపోతుంది. తీగ కొసనున్న గుండు బ్రిడ్జి వైపు ఆనే చోటు నుంచి నట్ దాకా టేపుతో కొలిచి, ఆ అంకె చెప్పి అడగండి.

పాటల వెనక గుండ్రటి నాదం కావాలంటే ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు చదునుగా, నున్నగా ఉండే తీగలు) నాకు ఇష్టం. ధర ఎక్కువే, కానీ ఏళ్లు నడుస్తాయి. రౌండ్‌వౌండ్ (పైచుట్టు గుండ్రటి తీగతో, గరుకుగా ఉండేవి) వేస్తే మన ఎండల్లో చెమటకు త్వరగా మొద్దుబారతాయి, వాయించగానే పొడిగుడ్డతో తుడవండి. స్వరం ఇంకా స్పష్టంగా కావాలంటే వేళ్లు బ్రిడ్జి వైపు కొంచెం జరిపి మీటండి.