సౌండ్ ఎడిటింగ్ నేర్చుకుందాం – 4: గొంతును రోబో చేయడం

పోయిన పాఠంలో రికార్డింగ్‌లోని రొద తీసేశాం, మాటల మధ్య ఖాళీలు కత్తిరించాం. ఈసారి ఆ గొంతునే ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో రోబోగా మారుద్దాం. నల్లగొండ, దేవరకొండ, పాలమూరు వైపు బడుల్లో వార్షికోత్సవం వస్తోందంటే నాటికలో ఒక రోబో ఉండి తీరుతుంది. డబ్బా తొడుక్కున్న పిల్లాడు మామూలు గొంతుతో మాట్లాడితే సగం సరదా అక్కడే పోతుంది.

అభ్యాసానికి ఈ వాక్యాలు రికార్డ్ చేయండి: "జూరాల పూర్తి మట్టం వెయ్యి నలభై ఐదు అడుగులు. శ్రీశైలం ఎనిమిది వందల ఎనభై ఐదు అడుగులు. సాగర్ ఐదు వందల తొంభై అడుగులు." కృష్ణకు వరద వచ్చినప్పుడల్లా టీవీలో వినే అంకెలే ఇవి. శ, స అక్షరాలు కూడా ఉన్నాయి కాబట్టి మన పనితనానికి మంచి పరీక్ష.

చాలామంది ముందుగా 'చేంజ్ పిచ్' దగ్గరికి పోతారు. దాంతో గొంతు తగ్గిస్తే రాక్షసుడు వస్తాడు, పెంచితే కార్టూన్ పిల్ల వస్తుంది. రోబో మాత్రం రాదు, ఎందుకంటే మాటలోని ఎత్తుపల్లాలు అలాగే ఉంటాయి. ప్రశ్న అడిగితే చివర గొంతు లేపుతాం, కోపమొస్తే మధ్యలో లేపుతాం. ఆ కదలిక పోతేనే యంత్రం వినిపిస్తుంది. అందుకే సగం పని చదవడంలోనే అయిపోవాలి. ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి, ఇయర్‌ఫోన్‌లో ఆ శ్రుతి వింటూ మొత్తం ఒకే స్వరం మీద చదవండి. మాటకు మాటకు మధ్య ఒకే ఎడం ఉంచండి. యాస మాత్రం మార్చుకోనక్కర్లేదు. "గేట్లెత్తిండ్రు, నీళ్లొచ్చినయ్" అని ఒకే స్వరంలో చెప్పే రోబోకు మన స్టేజీ మీద చప్పట్లు ఖాయం.

ఇక ఎఫెక్ట్. ట్రాక్ చివర అర సెకను ఖాళీ వదిలి, మొత్తం సెలెక్ట్ చేసి 'ఎకో' తెరవండి. డిలే టైమ్ (ప్రతిధ్వని ఎన్ని సెకన్ల తర్వాత రావాలో) 0.01, డికే ఫ్యాక్టర్ (తిరిగొచ్చిన ప్రతిసారీ శబ్దం ఎంత వంతు మిగలాలో) 0.7 ఇచ్చి అప్లై చేయండి. ప్రతిధ్వని విడిగా వినపడాలంటే కనీసం 0.1 సెకను తేడా ఉండాలని బడిలో చదువుకున్నాం కదా. ఇక్కడ అందులో పదోవంతే ఇచ్చాం. అందుకని ప్రతిధ్వని వేరుగా వినపడదు, గొంతులోనే కలిసిపోతుంది. సెకనుకు వందసార్లు తిరిగొచ్చే ఆ శబ్దం 100, 200, 300 హెర్ట్జ్‌ల దగ్గర గొంతును ఉబ్బిస్తుంది, మధ్యలో అణచేస్తుంది. రేకు గొట్టంలోంచి మాట్లాడినట్టు వినిపించే ఆ లోహపు మోత అలా పుడుతుంది. డిలే 0.005 చేస్తే మోత 200 దగ్గర మొదలవుతుంది. పిల్లల గొంతుకు అది బాగా కుదురుతుంది. డికే 0.9 దాకా తీసుకెళ్లకండి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ఆ అచ్చు ప్రతిధ్వని తోకలా సాగి పక్క మాట మీద పడి 'తొంభై' ఏదో 'అడుగులు' ఏదో తెలియకుండా పోతుంది.

ఇక్కడొక చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫ్యాన్, ఛార్జర్, పాత యాంప్లిఫైర్ రికార్డింగ్‌లో వదిలే గుయ్ శబ్దం 50తో పాటు 100 దగ్గరా ఉంటుంది. 0.01 డిలే సరిగ్గా ఆ 100నే మూడింతలకు పైగా పెంచేస్తుంది. ముందు వినపడని రొద ఎకో తర్వాత ఒక్కసారిగా లేచిందంటే కారణం ఇదే. డిలే 0.009 చేసి చూడండి, ఆ పెరుగుదల సగానికి తగ్గుతుంది. ఫ్యాన్ బంద్ చేసి రికార్డ్ చేయడం ఇంకా మేలు. ఏప్రిల్‌లో నల్లగొండలో ఆ మాట చెప్పడం సులువే, చేయడమే కష్టం.

ఎకోతో శబ్దం స్థాయి కూడా పెరుగుతుంది కాబట్టి చివర 'నార్మలైజ్'తో మైనస్ 1 డెసిబెల్‌కు తెచ్చుకోండి.

ఇంకా గట్టి రోబో కావాలంటే 'వోకోడర్' ఉంది. బెల్ ల్యాబ్స్‌లో హోమర్ డడ్లీ 1930ల్లో టెలిఫోన్ మాటను తక్కువ జాగాలో పంపడానికి తయారుచేసిన పద్ధతి ఇది. మాట ఆకారాన్ని ఒక శబ్దం నుంచి తీసుకుని ఇంకో శబ్దానికి తొడుగుతుంది. ఎకో వేయని గొంతు ట్రాక్ కింద కొత్త మోనో ట్రాక్ పెట్టి, జెనరేట్ మెనూలో 'టోన్' తీసి, సాటూత్ అల, 100 హెర్ట్జ్, గొంతు ఉన్నంత నిడివి ఇవ్వండి. రెండింటినీ ఒక స్టీరియో ట్రాక్‌గా కలపండి. గొంతు ఎడమ వైపు, టోన్ కుడి వైపు ఉండాలి. తారుమారైతే ఫలితం రాదు. వోకోడర్ నడిపి వినండి. 'శ్రీశైలం'లో శ మెత్తగా పోయిందనిపిస్తే అన్‌డూ చేసి, వైట్ నాయిస్ ('హుష్'మనే రొద) అంకె కొంచెం పెంచి మళ్లీ నడపండి. శ, స లాంటి ఊపిరి అక్షరాలకు కావాల్సిన పైస్థాయి శబ్దం ఒట్టి టోన్‌లో చాలదు.

అయ్యాక వాక్యం తెలియని మనిషికి ఒక్కసారి వినిపించి అంకెలు రాయమనండి. మూడూ సరిగ్గా రాస్తే ఫైల్‌ను ప్రాజెక్ట్‌గా సేవ్ చేయండి. తప్పితే డికే 0.6కి దించండి, వోకోడర్ వాడి ఉంటే వైట్ నాయిస్ ఇంకాస్త పెంచండి. వచ్చే పాఠంలో ఈ గొంతు కింద యంత్రాల చప్పుడు పరుద్దాం.