వీవ్ పోల్స్ మధ్యకు కుక్కను వదిలే ముందు

వీవ్ పోల్స్ అంటే కుక్కల అడ్డంకుల పరుగులో (అజిలిటీ) వరుసగా పాతిన కర్రలు; కుక్క వాటి మధ్య మెలికలు తిరుగుతూ పరుగెత్తాలి. ముందు వయసు చూడండి. ఏడాది నిండని కుక్కపిల్లను 12 కర్రల మధ్య మెలికలు తిప్పవద్దు, ఎముకలు ఇంకా ఎదుగుతుంటాయి. పెద్ద జాతులకైతే ఏడాదిన్నర ఆగడం మేలు.

విశాఖ ఉక్కపోత తక్కువది కాదు. కుక్క ఒళ్లు చల్లబడేది ప్రధానంగా వగర్చడం వల్లనే. గాలిలో తేమ పెరిగితే అదీ సరిగా పనిచేయదు. తెల్లవారగానే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ముగించండి. నీళ్లు వెంట ఉండాలి.

ఆర్కే బీచ్ ఇసుక చూసి ముచ్చటపడవద్దు. వదులు ఇసుకలో కాలు దిగబడితే మలుపు దగ్గర భుజం బెణుకుతుంది. తడి గడ్డి జారుతుంది. పొడిగా, చదునుగా ఉన్న పచ్చిక మంచిది.

కర్రకూ కర్రకూ మధ్య 60 సెంటీమీటర్లు. టేపుతో కొలవండి, అడుగులు వేసి అంచనా కట్టవద్దు. పీవీసీ గొట్టాల చివరలు గరుకుగా ఉంటే మూతలు బిగించండి. చుట్టూ కంచె ఉంటే మెడపట్టీ తీసేయండి.

అన్నిటికన్నా ముఖ్యం ప్రవేశం: మొదటి కర్ర కుక్క ఎడమ భుజం పక్కన ఉండాలి. ఇది కుదరనిదే వేగం ఊసెత్తవద్దు. అందుకే తొలిరోజులు రెండే కర్రలు పాతి, రకరకాల కోణాల నుంచి పంపండి. సరిగా దూరగానే బహుమతి కర్రల అవతలికి విసరండి. చేతిలో పెట్టుకుంటే కుక్క చూపు ముందుకు కాక మీ జేబు మీదే ఉంటుంది.

ఐదారు సార్లు చాలు. కుంటినా, కర్ర వదిలేసినా ఆ పూటకు ఆపేయండి.